గోలీ వెనక నిమ్మగింజ

"గోలీ అబద్ధం చెప్పదు బావా. సీసా మూతికి గోలీ బిగిసి ఉందంటే బిగించింది సోడా మిషను. మిషను ఎవరిది? దేవదానానిది. మందు కలిపింది ఎవరు? దేవదానం. ఇంక నీకు ఇక్కడ పనేముంది? ఇంటికెళ్ళి ఫ్యాను కింద పడుకో."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అర్జునరావు ఈ మాటంటూ బెల్టు సర్దుకున్నాడు. ఆ బెల్టుకి ఏటేటా ఒక కొత్త బెజ్జం పొడిపించాల్సి వచ్చేది. పందొమ్మిదివందల ఎనభైనాలుగు వచ్చేసరికి తోలుకన్నా బెజ్జాలే ఎక్కువయ్యాయని స్టేషన్లో చాటుగా చెప్పుకునేవారు.

ఎదురు కుర్చీలో ఉన్న ఫ్రాన్సిస్ లేవలేదు. ఇరవైరెండేళ్ళు పోర్టు కస్టమ్స్‌లో ఓడల కడుపులు తడిమి, పై అధికారితో మాట పట్టింపొచ్చి ఉద్యోగం వదిలేసి, మద్దిలపాలెంలో బస్సు డిపో ఎదురుగా మేడమీద గదికి 'ప్రైవేటు పరిశోధన' అని బోర్డు తగిలించుకున్న మనిషి. చిన్నప్పుడు ఈ ఇద్దరిదీ ఒకటే బెంచీ. ఫ్రాన్సిస్ పలక చూసి లెక్కలు ఎక్కించుకునేవాడు అర్జునరావు. అందుకే ఇప్పుడు ఏ కేసులోనూ ఫ్రాన్సిస్‌ని తన పలకవైపు తొంగిచూడనిచ్చేవాడు కాదు.

"అయిదింటికి కదా వాణ్ణి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నావ్?" అన్నాడు ఫ్రాన్సిస్.

"అయిదింటికే."

"ఇప్పుడు రెండు. మూడు గంటలుంది. అంతసేపు ఫ్యాను కింద నాకు నిద్ర పట్టదు. ఏం జరిగిందో ఇంకోసారి చెప్పు."

అర్జునరావు విసుగ్గానే చెప్పాడు. నిన్న మధ్యాహ్నం మూడూ నలభైకి, ఆటోనగర్‌లో లారీ వర్క్‌షాపు నడుపుతున్న సన్యాసిరాజు తన గదిలో గోలీసోడా కొట్టుకుని తాగాడు. తాగిన రెండు నిమిషాల్లో కిందపడ్డాడు. ఆస్పత్రిలో ఇంకా తెలివి రాలేదు. సీసా అడుగున మిగిలిన సోడాలో విషం ఉందని డాక్టరు తేల్చాడు. పక్కనే కూర్చున్నవాడు వర్క్‌షాపులో భాగస్తుడు వీర్రాజు. సీసా సీలుగా ఉందనీ, కొడితే చప్పుడొచ్చిందనీ, తన కళ్ళతో చూశాననీ కాగితం మీద సంతకం పెట్టాడు.

"దేవదానానికి సన్యాసిరాజు మీద కోపమెందుకు?"

"వర్క్‌షాపు వాళ్ళు సీసాలు పాడుచేస్తున్నారని వారం కిందట నలుగురిలో కేకలేశాడు. నీ అంతు చూస్తానన్నాడు. చూశాడు."

"గురువారం సన్యాసిరాజు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అది మర్చిపోయావా?"

అర్జునరావు మొహం గట్టిపడింది. రెండు నెలల కిందట తెల్లవారుజామున, వలలు మోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఇద్దరు జాలరిపేట మనుషుల్ని ఏదో లారీ గుద్దేసి పోయింది. ఆ లారీ బంపరు సాపు చేయించుకోవడానికి ఎవరి వర్క్‌షాపుకి వచ్చిందో ఊరందరికీ తెలుసు. ఎవరి లారీయో సన్యాసిరాజుకి మాత్రమే తెలుసు. కోర్టులోనే చెబుతానని భీష్మించుకున్నాడు. పోయిన ఇద్దరూ అర్జునరావు పుట్టిన వీధివాళ్ళు.

"మర్చిపోలేదు," అన్నాడు మెల్లగా. "కానీ గోలీని మిషను లేకుండా బిగించేవాడు ఈ భూమ్మీద లేడు. అది నువ్వు తేల్చు, నా టోపీ నీకిచ్చేస్తాను."

"నీ టోపీ నాకు చెవులదాకా దిగుతుంది. దేవదానంతో మాట్లాడనీ, చాలు."

*

లాకప్పు ఊచల వెనక దేవదానం గొంతుక్కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళు. చేతుల నిండా గాజు గీరిన తెల్లటి గీతలు. ఊచలకి ఇవతల అతని భార్య జయమణి, ఒళ్ళో గుడ్డసంచీతో. పొద్దున్నే మద్దిలపాలెం వచ్చి ఫ్రాన్సిస్ తలుపు కొట్టింది ఈవిడే.

"నిన్న ఎన్నింటికి సోడాలు వేశావ్?"

"పన్నెండుంపావుకండి. సర్చి గంట కొట్టీసేక బయల్దేరతాను, ఆటోనగర్ ఎల్లీసరికి అంతే అవద్ది."

"ఎవరికిచ్చావ్?"

"తవిటమ్మకండి. గది తుడుత్తాది. ఆవిడే తొట్టి నీళ్ళల్లో పెడతాది సల్లబడ్డానికి." దేవదానం గొంతు ఒక్కసారి లేచింది. "అయ్యా, నాను మందు కలిపితే దేవుడు సూడ్డేటండి! అది సరే గాని, నా రెండు సీసాలు ఇంకా రాలేదండి ఆ వర్క్‌షాపు నుంచి. ఆరు నిండువి ఇత్తే నాలుగే ఖాళీలిచ్చేరు మొన్నటివి. సీసాలు దొరకతన్నాయేటండి ఈ రోజుల్లో?"

మెడకి ఉరితాడు వేలాడుతుంటే రెండు సీసాల కోసం ఏడిచే మనిషిని ఫ్రాన్సిస్ అప్పుడే చూడటం. జయమణి తల పట్టుకుంది. "మీ సీసాలు తగలెట్టా! పేణం మీదికొత్తే సీసాలేటయ్యా!"

"నా సోడా నానే తాగి సూపిత్తాను!" అన్నాడు దేవదానం ఊచలు పట్టుకుని. "ఆ తొట్టిలోయి అయిదూ తెచ్చేరు కదా ఇక్కడికి. అయిదూ తాగుతాను. నాకేటైనా అయితే నానే దొంగని."

వెనక నుంచి అర్జునరావు నవ్వాడు. "తాగు. నాలుగింటికి పంచాయతీ పెద్దల్ని పిలిపించాను. వాళ్ళ ముందే తాగు." హెడ్ కానిస్టేబుల్‌ని కేకేశాడు. "దాలయ్యా, నాలుగ్గంటలకి వీడి చేతికి సీసా ఇవ్వు." ఫ్రాన్సిస్ చెవిలో అన్నాడు: "సీసా చేతికి రాగానే చెయ్యి వణుకుతుంది. వణికినవాడు ఒప్పుకుంటాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు బావా."

ఫ్రాన్సిస్ జయమణి వైపు తిరిగాడు. జయమణి సంచీలోంచి ఒక ఖాళీ గోలీసీసా తీసింది. "సోడా ఎలా పడతారో ఈ బాబుకి సూపిద్దారని తెచ్చేనండి. సూడనే లేదు. మీరైనా సూడండి."

"నాకు తెలుసమ్మా. భీమిలిలో మా మేనమామకి సోడా కొట్టుండేది. కానీ ఇది నాకు కావాలి. అప్పివ్వు."

"తిరిగియ్యాలండి మరి," అంది జయమణి కళ్ళు తుడుచుకుంటూనే. మొగుడికి తగ్గ ఇల్లాలు.

*

ఆ మేనమామ సంగతి ఫ్రాన్సిస్ జీపులో చెప్పాడు. అలాంటివి మొదలుపెడితే ఆగే మనిషి కాదు. ఒక వేసవిలో మామ సీసాలో గ్యాసు ఒక్క పిసరు ఎక్కువ పట్టేశాడట. సీసా పేలి గోలీ కిటికీలోంచి ఎగిరి, అరమైలు అవతల చర్చి గంటకి తగిలిందట. మంగళవారం పూట గంట మోగిందేమిటా అని ఊరంతా ప్రార్థనకొచ్చేశారట. ఫాదరుగారు ఏం చెయ్యాలో తోచక, వచ్చినవాళ్ళని ఊరికే పంపించడమెందుకని పూజ చేసేశాడట.

"నీ మామ గోలీ, నీ అబద్ధం, రెండూ అరమైలు పోతాయి," అన్నాడు అర్జునరావు.

"గంట మీద సొట్ట ఇప్పటికీ ఉంది. కావాలంటే చూపిస్తాను."

రెండూ యాభైకి వర్క్‌షాపు చేరారు. గదికి నిన్నటి నుంచి పోలీసు తాళం; అర్జునరావు తీశాడు. ఒక టేబులు, రెండు కుర్చీలు, మూల సిమెంటు తొట్టి, నల్లటి టెలిఫోను. తాగిన సీసా గోడ బీరువాలో గుడ్డచుట్టి ఉంది. అందులో మిగిలిన నీళ్ళు పరీక్షకి పోయాయి, ఖాళీ సీసాని ఎవరూ పట్టించుకోలేదు.

వరండాలో కాచుక్కూర్చున్న వీర్రాజు వెంటే లోపలికొచ్చాడు. మెళ్ళో గొలుసు, భుజాన టర్కీ తువ్వాలు, చేతిలో ఫారిన్ కూల్‌డ్రింకు డబ్బా. రేకు నాలుక లాగి, సుయ్‌మనిపించి, దర్జాగా ఒక గుటక వేశాడు.

"మీరు నిన్న సోడా తాగలేదా?" అడిగాడు ఫ్రాన్సిస్.

"గోలీసోడానా? అది కూలోళ్ళ తాగుడండి. నాకు దాన్ని కొట్టడం కూడా రాదు. పోర్టులో మన మనుసులున్నారు. ఓడ ఒడ్డుకి రాగానే డబ్బాలు మనింటికొచ్చెత్తాయి."

"ఆ దారి నాకు తెలుసు. ఇరవైరెండేళ్ళు ఆ దారిలోనే కాపలా కాశాను." ఫ్రాన్సిస్ డబ్బా అందుకుని పైకెత్తి దాని అడుగు చూపించాడు. "ఇది లోపలికి గుంటపడి ఎందుకుంటుందో తెలుసా?"

"సొట్ట పడుంటాది."

"అన్ని డబ్బాలకీ ఒకేచోట సొట్ట పడదు కదండీ. లోపల గ్యాసు బయటికి తన్నుతుంది. అడుగు చదునుగా ఉంటే బొజ్జలా పొంగి, డబ్బా టేబులు మీద దొర్లుతుంది. లోపలికి వంచారనుకోండి, వంతెన కమాను బరువు మోసినట్టు ఆ తాపుని అంచులకి తోసేస్తుంది. కాగితమంత పల్చటి రేకు నిలబడటం అందుకే."

"బావా, పాఠం చెప్పడానికొచ్చావా, పరిశోధనకా?"

"రెంటికీ ఒకటే ఫీజు," అని ఫ్రాన్సిస్ గుమ్మం వైపు తిరిగాడు. "తవిటమ్మా, లోపలికి రా."

చీపురు పట్టుకుని బయటే నిలబడ్డ తవిటమ్మ కొంగు బిగించుకుని వచ్చింది.

"నిన్న మూడూ నలభైకి నువ్వెక్కడున్నావ్?"

"వరండాలో తుడత్తన్నానండి. నాను పనిలో ఉన్నాను, ఇనడానికి నిలబడ్నేదండి."

"వినడానికి నిలబడకపోయినా విన్నదేమిటో చెప్పు."

"సన్యాసిరాజు బాబు తాగి, 'ఇదేటి రా పుల్లగా ఉంది' అన్నాడండి. తరవాత దబ్బుమని పడ్డాడు."

ఫ్రాన్సిస్ వీర్రాజు వైపు చూశాడు. "మీ సాక్ష్యంలో ఈ మాట లేదే."

"నాకినపడ్నేదండి."

"వరండాలో ఆవిడకి వినిపించింది. రెండు మూరల దూరంలో మీకు వినిపించలేదు."

"ఏటండి ఇది! చీపురుకట్ట మాట పట్టుకుని..."

"చీపురుకట్టేటి బాబూ?" తవిటమ్మ చీపురు నేలకి టక్కున ఆనించింది. "నా పేరు తవిటమ్మ."

ఫ్రాన్సిస్ గుడ్డ విప్పి ఆ సీసా కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. మందపాటి ఆకుపచ్చ గాజు. మెడలో గోలీ. మెల్లగా ఇటూ అటూ దొర్లించాడు. మెడ గాజులో ఉన్న నొక్కుల మీంచి గోలీ పక్కకి జరిగింది. జరిగిన చోట, నడుము ఇరుకులో, ఏదో తెల్లగా అతుక్కుని ఉంది. సైకిలు పుల్ల ఒకటి అడిగి తెప్పించుకుని, పొడిచి, కాగితం మీదికి దులిపాడు.

నిమ్మగింజ. దాని వెనకే భుజం దగ్గర నానిపోయిన కాగితం పిసరు.

"దేవదానం నిమ్మసోడా పట్టడు," అన్నాడు ఫ్రాన్సిస్. "నిమ్మకాయ ఎవరైనా గ్లాసులో పిండుకుంటారు, సీసాలో కాదు. ఈ గింజ గోలీకి కిందికి ఎలా వెళ్ళింది అర్జునా?"

"వాడే వేసుంటాడు, విషం రుచి తెలియకుండా."

"మిషను ఉన్నవాడికి కాగితమెందుకు?"

అర్జునరావు ఆ కాగితం పిసరు మీదికి వంగాడు. ఫ్రాన్సిస్ జయమణి సీసా టేబులు మీద పెట్టాడు. "తవిటమ్మా, గేటు బయట టిఫిను బండి దగ్గర రెండు నిమ్మకాయలు, చెంచాడు వంటసోడా పట్టుకురా. టైమెంతయింది?"

"మూడున్నర," అన్నాడు అర్జునరావు గడియారం చూసి. గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

ఆవిడ వచ్చేలోగా ఫ్రాన్సిస్ సీసాని వేలితో తడిమి చూపించాడు. "ఈ ఆకారం అందం కోసం పెట్టింది కాదు. ప్రతి వంపూ గ్యాసుకి భయపడి పెట్టిందే. ఒళ్ళంతా గుండ్రం, ఎక్కడా మూల లేదు. మూల దొరికితే గ్యాసు అక్కడే చీలుస్తుంది. ఇదిగో ఈ నడుము నొక్కింది గోలీ కడుపులోకి జారిపోకుండా. మెడకి ఒకవైపే ఈ రెండు నొక్కులు చూశావా? అటువైపు కిందికి పెట్టి వంచితే గోలీ వచ్చి వాటి మీద కూర్చుంటుంది, సోడాకి అడ్డం రాదు. పైన మూతిలో రబ్బరు వాచరు. ఇప్పుడు చెప్పు, మూత వేసేదెవరు?"

"మిషను."

"కాదు. గ్యాసు. సీసాని తలకిందులు చేస్తే గోలీ మూతి దగ్గరికి జారుతుంది. లోపలి గ్యాసు దాన్ని వాచరుకేసి అదుముతుంది. మిషను చేసేది గ్యాసు ఇవ్వడమొక్కటే. ఆ గ్యాసు ఎక్కడి నుంచి వచ్చిందో గోలీకి పట్టదు."

నిమ్మకాయలొచ్చాయి. సీసా మెడదాకా నీళ్ళు పోసి, నిమ్మరసం పిండాడు. వంటసోడాని పల్చటి కాగితంలో పుల్లలా చుట్టాడు. నొక్కుల వైపు వంచి, గోలీని పక్కకి కూర్చోబెట్టి, ఆ పొట్లాన్ని నడుములోంచి కిందికి జార్చాడు. వెంటనే తలకిందులు చేశాడు. మూతి దగ్గర నాలుగు బుడగలు చిమ్మాయి. లోపల కాగితం నానింది, బుసబుస పొంగింది. టక్!

ఫ్రాన్సిస్ సీసాని నిలబెట్టాడు. గోలీ మూతికి అతుక్కుని ఉంది. జారలేదు.

అర్జునరావు దగ్గరికొచ్చి బొటనవేలితో తట్టాడు. కదల్లేదు. చేతిలో టోపీ ఉందని గుర్తొచ్చి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం పట్టుకోండి," అంటూ ఫ్రాన్సిస్ సీసాని వీర్రాజు చేతిలో పెట్టేశాడు. "కొట్టండి, చప్పుడు ఎలా ఉంటుందో మా ఇన్‌స్పెక్టరుగారు విననీ."

అదంతా ఒక్క క్షణంలో అయిపోయింది. వీర్రాజు భుజం మీది తువ్వాలు ఎడంచేతిలోకి వచ్చి సీసా భుజాన్ని చుట్టేసింది. సీసా మూరెడు దూరం జరిగింది. మొహం కుడివైపుకి తిరిగిపోయింది. కళ్ళు మూసుకున్నాయి. అప్పుడు బొటనవేలు గోలీ మీదికి వెళ్ళింది.

"ఆగండి," అన్నాడు ఫ్రాన్సిస్. "అలాగే ఉండండి. అర్జునా, చూశావా? సోడా తాగేవాడు సీసాని నోటి దగ్గరే కొట్టుకుంటాడు. గుడ్డ చుట్టి, మొహం తిప్పి కొట్టేవాడు ఎవడు?"

అర్జునరావే అందుకున్నాడు. "సోడా కొట్లో మిషను తిప్పినవాడు. పేలితే కళ్ళు పోతాయని." రెండడుగుల్లో వచ్చి వీర్రాజు మణికట్టు పట్టుకుని, చొక్కా చెయ్యి పైకి తోశాడు. గడియారం పట్టీ కింద సన్నటి తెల్లటి గీతలు. దేవదానం చేతి మీద ఉన్నలాంటివే.

"కొట్టడమే రాదన్నావు కదరా."

"సిన్నప్పుడు... ఎప్పుడో ఒక ఏడాది పని సేసేను. అంత మాత్రాన..."

"బంపరు సాపు చేయించుకున్న లారీ ఎవరిది? నీదే కదరా?"

వీర్రాజు డబ్బా వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో తవిటమ్మ చీపురు అడ్డంగా పట్టుకుని నిలబడి ఉంది.

ఫ్రాన్సిస్ అటు చూడటం లేదు. తొట్టి అంచు మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాడు. అతని మొహంలో గెలిచినవాడి కళ లేదు.

"తవిటమ్మా. దేవదానం నిన్న ఎన్ని సోడాలిచ్చాడు?"

"నాలుగండి. రోజూ ఆరిత్తాడు గాని, నాలుగు ఖాళీలే ఉంటే నాలుగు నిండువే ఇచ్చీసేడు. ఖాళీ ఇయ్యందే నిండుది ఇయ్యడు, సెంద్రుడు సూరుడు అడిగినా. ఆ రెండు సీసాలు ఏటయ్యేయో నాకు తెలీదు."

"నాలుగు." ఫ్రాన్సిస్ లేచాడు. "నిన్న అర్జునరావు వచ్చేసరికి తొట్టిలో అయిదు ఉన్నాయి. సన్యాసిరాజు తాగింది ఒకటి. మొత్తం ఆరు. నాలుగు దేవదానానివి. మిగతా రెండూ ఎక్కడివి?"

ఫ్రాన్సిస్ వేలితో వీర్రాజుని చూపించాడు.

"గోలీ ఒకసారి బిగుస్తుంది, ఒకసారి బిగియదు. అందుకని మాయమైన ఆ రెండు సీసాల్లోనూ మందు పోసి రెండూ తయారుచేశాడు. ఒకటి నిన్న చేతికిచ్చాడు. రెండోది తీసేలోపల జనం మూగారు. నువ్వు అయిదూ పట్టుకుపోయావు. అర్జునా, అవెక్కడ?"

"స్టేషన్లో..." అర్జునరావు చెయ్యి వీర్రాజు మణికట్టు మీద ఇంకా బిగిసింది. రెండో చెయ్యి గడియారం ఉన్న జేబుకి వెళ్ళింది. "నాలుగూ అయిదు. వాడు నాలుగింటికి తాగుతానన్నాడు. నేనే... నేనే తాగనివ్వమన్నాను."

ఫ్రాన్సిస్ అప్పటికే ఫోను తిప్పుతున్నాడు. ఎంగేజ్. పెట్టి మళ్ళీ తిప్పాడు. ఎంగేజ్. డయలు వెనక్కి తిరిగి రావడానికి ఏడాది పట్టినట్టుంది. మూడోసారి మోగింది. హెడ్ కానిస్టేబుల్ దాలయ్య ఎత్తాడు.

"దాలయ్యా, దేవదానం..."

"బాగున్నాడండి! బాబుగారికి సెప్పండి, సెయ్యి వణకనేదు. రెండు గడగడా తాగీసేడు, తేనిపేడు కూడాను. పెద్దలందరూ సప్పట్లు కొట్టేరు. ఇదిగో మూడోది..."

"ఆపు! తాగనివ్వకు! సీసా లాక్కో!"

"ఏటండి? ఇనపడతన్నేదు, ఇక్కడ గోలగా ఉంది..."

"సీసా లాక్కో దాలయ్యా!"

దాలయ్య ఫోను చెవి దగ్గర నుంచి తీసి ఎవరితోనో ఏదో అంటున్నాడు. ఆ గోల మధ్యలోంచి, అవతల గదిలో సీసా కొట్టిన చప్పుడు ఫ్రాన్సిస్ చెవికి వచ్చింది. మేనమామ కొట్లో పదేళ్ళు విన్న చెవి అది. మిషను మీద పట్టిన దేవదానం సోడా అయితే కీచుమని కేక పెట్టాలి.

ఇది తుస్సుమంది.

తర్వాత ఏమీ లేదు. చప్పట్లు లేవు, మాటల్లేవు. ఫ్రాన్సిస్ రిసీవరు చెవికి నొక్కుకున్నాడు. పక్కన అర్జునరావు, చేతిలో చిక్కిన మణికట్టుతో సహా, వంగి వింటున్నాడు. అంతలో ఫోనుకి దూరంగా, మెల్లగా, ముప్పై ఏళ్ళు సోడాలు పట్టిన మనిషి గొంతు వినిపించింది.

"ఎవులూ దీన్ని ముట్టుకోకండి. సీసా నాదే. గ్యాసు నాది కాదు."